వయసు మీదికి నెట్టేస్తున్న జబ్బులు

పోచారంలో పొద్దున పది దాటితే అపార్ట్‌మెంట్లలో మిగిలేది పెద్దవాళ్ళే. కొడుకులు, కోడళ్ళు ఇన్ఫోసిస్ క్యాంపస్‌కో, ఉప్పల్ వైపు ఆఫీసులకో వెళ్ళిపోతారు. స్కూలు బస్సులు అంతకుముందే కదులుతాయి. ఇక ఉండేది భువనగిరి, ఆలేరు, జనగామ వైపు ఊళ్ళ నుంచి వచ్చి పిల్లల దగ్గర ఉంటున్న తల్లిదండ్రులు. ఊళ్ళో అయితే చీకట్లో కూడా బావి దగ్గరికి వెళ్ళొచ్చే మనిషికి ఇక్కడ లిఫ్టు దిగితే ఏ అంతస్తయినా ఒకేలా ఉంటుంది. మూడో అంతస్తులో దిగాల్సినాయన నాలుగులో దిగి, ఎవరి తలుపుకో తన తాళంచెవి పెట్టి తిప్పుతుంటాడు. 'మీది కింది ఫ్లోర్ తాతా' అని ఆ ఇంటావిడ నవ్వుతూ పంపిస్తుంది. ఒకసారి జరిగితే కొత్తచోటు అనుకోవచ్చు. రెండేళ్ళుగా ఉంటున్న ఇంటి దగ్గర పదేపదే జరుగుతుంటే? సాయంత్రం కొడుకు చెవిన వేస్తే వచ్చే జవాబు ఒక్కటే: 'ఏజ్ అయింది కదా ఆంటీ, మామూలే.'

అలా 'మామూలే' అనుకుని మనం ఇళ్ళలో వదిలేస్తున్న జబ్బుల లెక్క చిన్నది కాదు. దేశంలోని పలు రాష్ట్రాల్లో 60 ఏళ్ళు దాటినవాళ్ళను పరీక్షించిన 'లాసీ-డాడ్' అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. అందులో తేలిందేమంటే, పెద్దల్లో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉంది. అంటే దేశం మొత్తమ్మీద సుమారు 88 లక్షల మంది. మగవాళ్ళ కంటే ఆడవాళ్ళలో, పట్నాల కంటే పల్లెల్లో ఎక్కువ. వీళ్ళలో చాలామంది డాక్టర్ గడప తొక్కరు. తొక్కించాలని ఇంట్లోవాళ్ళకీ తోచదు.

మరుపుకీ డిమెన్షియాకీ తేడా వంటింట్లోనే కనిపిస్తుంది. పాలవాడికి డబ్బులిచ్చిందీ లేనిదీ గుర్తులేకపోవడం మరుపు. యాభై ఏళ్ళుగా చారు కాచిన చెయ్యి చింతపండు పిసికి, ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచక గిన్నె వంక చూస్తూ నిలబడిపోతే అది మరుపు కాదు. చెప్పిన మాటే పది నిమిషాలకోసారి కొత్తగా చెప్పడం, పింఛను డబ్బు లెక్క తప్పడం, తెలిసిన దారి తప్పడం, సంక్రాంతి ముందో ఉగాది ముందో తేలకపోవడం... ఇవి నెలల తరబడి పెరుగుతూ పోతుంటే మెదడులో ఏదో జరుగుతోందని అర్థం. ఆ 'ఏదో' కూడా ఒకటే రకం కాదు. అల్జీమర్స్ ఒకటి. బీపీ, షుగర్ వల్ల మెదడులోని సన్నటి రక్తనాళాలు దెబ్బతిని వచ్చేది ఇంకొకటి.

పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం నడిపిన మెమరీ క్లినిక్ ఈ రకాలను విడదీసి చూసింది. 347 మంది రోగుల వివరాలతో 2011లో వాళ్ళు ప్రచురించిన పరిశీలనలో అల్జీమర్స్ వాటా 38 శాతం, రక్తనాళాల వల్ల వచ్చేది పాతిక శాతం. ఆశ్చర్యపరిచింది మూడోది. దాదాపు అయిదో వంతు మందిలో ఉన్నది ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా. ఈ జబ్బు చాలాసార్లు అరవై ఏళ్ళ లోపే మొదలవుతుంది. మొదట పోయేది జ్ఞాపకం కాదు, మర్యాద. నలుగురిలో నెమ్మదిగా ఉండే మనిషి పెళ్ళిలో గట్టిగా బూతులు మాట్లాడతాడు. పక్కవాళ్ళ విస్తరిలోంచి లడ్డూ తీసుకుంటాడు. భార్య జ్వరంతో పడుకుని ఉంటే అన్నం పెట్టలేదని అరుస్తాడు, ఆమె బాధ అతనికి తాకనే తాకదు. బంధువులు బుద్ధి చెడిందంటారు, ఎవరో ఏదో చేశారంటారు, తాయెత్తు కట్టిస్తారు. కాపురాలు విరిగిపోయేదాకా పోతుంది వ్యవహారం. నుదుటి వెనుక మెదడు కుంచించుకుపోతోందని ఎమ్మారైలో బయటపడేసరికి ఆ మనిషి మీద ఇంటిల్లిపాదికీ ప్రేమ చచ్చిపోయి ఉంటుంది. నన్ను అడిగితే ఈ జబ్బులన్నిట్లో ఇంతటి అన్యాయం ఇంకోటి లేదు.

గుర్తించడం ఎందుకింత కష్టం? జ్ఞాపకాన్ని పరీక్షించే పద్ధతులు చాలావరకు ఇంగ్లిష్ చదివిన దేశాల్లో పుట్టాయి. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో ఆడెన్‌బ్రూక్స్ ఆసుపత్రి పేరుతో ఒక పరీక్ష ఉంది. ఒక పేరు, చిరునామా చెప్పి కాసేపయ్యాక మళ్ళీ చెప్పమంటారు. గడియారం బొమ్మ గీయమంటారు. ఒక నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో లెక్కిస్తారు. ఘట్‌కేసర్ పక్క పల్లెలో పెన్సిలే పట్టని అవ్వ ముందు కాగితం పెట్టి గడియారం గీయమంటే ఏమవుతుంది? ఆమె సున్నా తెచ్చుకుంటుంది, జబ్బు ఉన్నా లేకపోయినా. ఇటు రిటైరైన హెడ్‌మాస్టారు జబ్బు లోపల సగం దూరం వచ్చినా అవే ప్రశ్నలకు టకటకా జవాబులు చెప్పి మంచి మార్కులతో బయటికొస్తారు. ఒకరి విషయంలో లేని జబ్బు కనిపిస్తుంది, ఇంకొకరి విషయంలో ఉన్నది దాక్కుంటుంది.

హరియాణాలోని బల్లబ్‌గఢ్ పల్లెల్లో పనిచేసిన పరిశోధకులు 1990లలోనే ఈ చిక్కు చూసి, చదువు రానివాళ్ళ కోసం హిందీలో వేరే పరీక్ష తయారుచేసుకున్నారు. నిమ్స్ వాళ్ళు ఆడెన్‌బ్రూక్స్ పరీక్షను తెలుగులోకి తెచ్చారు. మాట మార్చి ఊరుకోలేదు, మన మనుషులకు తెలిసిన పేర్లు, ఊళ్ళు, వస్తువులతో మార్చుకున్నారు, అక్షరం రానివాళ్ళకు తగ్గట్టు విడిగా సిద్ధం చేశారు. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కూడా తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లో ఒకే తీరు పరీక్షల పెట్టెను తయారు చేయించింది. పత్రికల్లో పెద్ద అక్షరాలతో రాని పని ఇది. మందు కనిపెట్టినట్టు ఉండదు. కానీ ఇది లేకపోతే మిగతా ఏ పరిశోధనా నిలవదు.

ఆ పునాది మీదే హైదరాబాద్ నుంచి ప్రపంచమంతా మాట్లాడుకున్న ఒక ఫలితం వచ్చింది. 2013 నవంబరులో 'న్యూరాలజీ' పత్రికలో సువర్ణ అల్లాడి, ఎడిన్‌బరా విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బాక్, నిమ్స్ న్యూరాలజీకి చెందిన సుభాష్ కౌల్ తదితరులు ఒక పరిశీలన ప్రచురించారు. 648 మంది డిమెన్షియా రోగులు. వాళ్ళలో 391 మంది రెండో అంతకు మించో భాషలు మాట్లాడేవాళ్ళు. ఒక్క భాషే మాట్లాడేవాళ్ళతో పోలిస్తే వీళ్ళలో జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. ఇలాంటి సంగతే 2007లో కెనడాలోని టొరంటో నుంచి వచ్చింది. కానీ అక్కడ రెండు భాషలవాళ్ళలో ఎక్కువమంది వలస వచ్చినవాళ్ళు. ఆలస్యానికి కారణం భాషా, వలసా, చదువా అని అడిగితే జవాబు కష్టమైంది. హైదరాబాద్‌లో ఆ పేచీ లేదు. ఇక్కడ రెండు భాషలు మాట్లాడటానికి ఎవరూ సముద్రం దాటక్కర్లేదు, బడికీ వెళ్ళక్కర్లేదు. నాచారం పారిశ్రామికవాడలో జీవితమంతా పనిచేసిన హమాలీ ఇంట్లో తెలుగు, పనిలో దక్కనీ, బిహార్ నుంచి వచ్చిన కుర్రాడితో హిందీ మాట్లాడతాడు. ఆయనకు సంతకం రాకపోవచ్చు. అల్లాడి బృందం చూసిన నిరక్షరాస్యుల్లో రెండు భాషలు మాట్లాడేవాళ్ళకు జబ్బు ఆరేళ్ళు ఆలస్యంగా వచ్చింది. చదువు చేసిన మేలు అని కొట్టిపారేయడానికి ఇక వీలులేకుండా పోయింది.

ఎందుకిలా? ఒక భాష మాట్లాడుతూ ఇంకో భాషను ఆపి ఉంచడం, మనిషిని చూసి క్షణంలో మార్చడం మెదడుకి రోజంతా సాధన. ఉప్పల్ రింగ్ రోడ్డు జామైతే రామంతాపూర్ గల్లీలన్నీ తెలిసిన ఆటో డ్రైవర్ ఎలాగోలా బయటపడతాడు కదా, అలాంటి మెదడుకి ఒక దారి మూసుకుపోయినా పక్కదార్లుంటాయి. జబ్బు ఆగదు. లోపల నష్టం జరుగుతూనే ఉంటుంది. బయటికి కనిపించడం ఆలస్యమవుతుంది, అంతే. మూడు నాలుగు భాషలొస్తే ఇంకా లాభమా అంటే, ఆ అధ్యయనంలో అలా ఏమీ కనపడలేదు. ఆసుపత్రికి వచ్చినవాళ్ళను మాత్రమే చూసిన పరిశీలన ఇదని, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళను ఏళ్ళ తరబడి వెంబడించిన అధ్యయనాల్లో కొన్నిటికి ఈ మేలు చిక్కలేదని కూడా పాఠకులకు చెప్పాలి. అయినా ఒక మాట నేను ధైర్యంగా అంటాను. మనవడికి ఇంగ్లిష్ అలవాటు కావాలని ఇంట్లో తాతతో తెలుగు మాట్లాడనివ్వని తల్లిదండ్రులు ఆ తాతకీ మేలు చెయ్యడం లేదు, ఆ పిల్లాడికీ మేలు చెయ్యడం లేదు.

2016లో అదే బృందం పక్షవాతం వచ్చిన 608 మందిని పరిశీలించింది. దెబ్బ తర్వాత ఆలోచన, జ్ఞాపకం మామూలుగా ఉన్నవాళ్ళు రెండు భాషలవాళ్ళలో 40.5 శాతం, ఒకే భాషవాళ్ళలో 19.6 శాతం. మాట పడిపోవడంలో మాత్రం ఇద్దరికీ తేడా లేదు.

పక్షవాతం దగ్గర కాసేపు ఆగాలి. డిమెన్షియా ఏళ్ళ మీద నడిచే జబ్బయితే ఇది నిమిషాలది. పొద్దున కాఫీ గ్లాసు చేతిలోంచి జారిపోతుంది. 'చెయ్యి తిమ్మిరెక్కిందిలే బిడ్డా, కాసేపు ఒరుగుతా' అంటుంది అమ్మ. మాట కొద్దిగా ముద్దగా వస్తుంది. నవ్వితే మూతి ఒక పక్కకే వెళుతుంది. చూపు సగం మసకేస్తుంది, నిలబడితే ఒక వైపు తూలుతుంది. ఆ క్షణం నుంచి, పెద్ద రక్తనాళం మూసుకుపోయిన మెదడులో నిమిషానికి సుమారు 19 లక్షల న్యూరాన్లు చచ్చిపోతాయి. గడ్డను కరిగించే ఇంజక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి, ఎంత ముందు పడితే అంత మంచిది. కొందరిలో నాళంలోకి సన్నటి గొట్టం పంపి గడ్డను బయటికి లాగే వైద్యం 24 గంటల వరకూ చేస్తారు. కానీ ఏది చెయ్యాలన్నా మొదట సీటీ స్కాన్ తీసి, అది నాళం మూసుకుపోవడమా, పగలడమా తేల్చాలి. నాళం పగిలినప్పుడు రక్తాన్ని పలచబరిచే మాత్ర వేస్తే ప్రాణం మీదికొస్తుంది. అందుకే ఇంట్లో ఆస్ప్రిన్ మింగించకూడదు. నీళ్ళు కూడా పొయ్యకూడదు, మింగడం పడిపోయి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

మన దగ్గర గంటలు ఎక్కడ పోతున్నాయో అందరికీ తెలుసు. గాలి సోకిందని పసరు మందుకి తీసుకెళ్ళడంలో పోతాయి. పావురం రక్తం రుద్దితే నయమవుతుందన్న నమ్మకంలో పోతాయి. దగ్గరున్న చిన్న నర్సింగ్‌హోమ్‌లో సెలైన్ పెట్టించుకుని 'రేపటికి చూద్దాం' అనడంలో పోతాయి. పోచారం, అన్నోజిగూడ వాళ్ళకి రోడ్డు కూడా ఒక కారణమే. 2018లో పనులు మొదలై ఏళ్ళకేళ్ళు సాగిన ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ కింద అంబులెన్స్ ఎలా కదిలిందో వరంగల్ హైవే మీద తిరిగేవాళ్ళకు చెప్పక్కర్లేదు. 2005 ఆగస్టు 15న 108 సేవ మొదలైంది ఈ హైదరాబాద్‌లోనే. బండి వస్తుంది. అది ఎక్కడికి వెళ్ళాలన్నది మనం ముందే తెలుసుకుని ఉండాలి. రాత్రి రెండింటికి కూడా సీటీ స్కాన్, ఆ ఇంజక్షన్ ఉండే ఆసుపత్రి మన ఇంటికి ఏది దగ్గరో జబ్బు రాకముందే అడిగి, ఫోన్ నంబర్ ఫ్రిజ్ మీద అంటించుకోవాలి. పది నిమిషాలు మూతి వంకరపోయి తనంతట తానే సర్దుకుంటే 'తగ్గిపోయింది' అని ఊరుకోవడం ఇంకో పెద్ద తప్పు. పెద్దదెబ్బకి అది ముందస్తు కబురు. ఆ తర్వాతి కొన్ని రోజులే అన్నిటికంటే ప్రమాదం.

దెబ్బ తిన్న తర్వాత ఇంటికొచ్చిన మనిషిని లేపి, నడిపించి, బట్టలు తొడిగేది ఎవరు? ఫిజియోథెరపిస్టులు దొరకని దేశంలో ఆ పని ఇంట్లోవాళ్ళకే నేర్పితే ఎలా ఉంటుందని 'అటెండ్' పేరుతో భారతదేశంలో పెద్ద ప్రయోగం చేశారు. 14 ఆసుపత్రులు, 1,250 మంది రోగులు. 2017లో 'లాన్సెట్' పత్రికలో ఫలితం వచ్చింది. ఆరు నెలలయ్యాక చనిపోయినవాళ్ళు, ఇంకొకరి మీద ఆధారపడ్డవాళ్ళు కలిపి రెండు వైపులా 47 శాతమే. నేర్పినా నేర్పకపోయినా తేడా రాలేదు. నిరాశ కలిగించే ఫలితమే, కానీ నిజాయితీగా ప్రచురించారు, మనమూ అంతే నిజాయితీగా చదువుకోవాలి. శిక్షణ పొందిన మనుషులు చెయ్యాల్సిన పనిని కోడలి భుజం మీద పెట్టి చేతులు దులుపుకోవడం కుదరదు. ఆమె ఇప్పటికే రాత్రిళ్ళు నిద్రలేక, ఉద్యోగం మానేసి, ఎవరితోనూ చెప్పుకోలేక నలిగిపోతోంది. కనీసం మాట సాయానికి, వృద్ధులకు సంబంధించిన ఏ సమస్యకైనా 14567 అనే ఎల్డర్‌లైన్ ఉంది.

'వయసు' అని తోసేసిన వాటిలో అసలు పూర్తిగా నయమయ్యేవీ ఉంటాయి. బి12 తక్కువైనా, థైరాయిడ్ మందగించినా, లోపల్లోపల దిగులు పట్టినా డిమెన్షియాలాగే కనిపిస్తుంది. బాత్‌రూమ్‌లో జారిపడి తలకు దెబ్బ తగిలిన కొన్ని వారాలకు పుర్రె కింద నెత్తురు నెమ్మదిగా చేరి మతి మారిపోవచ్చు. రక్తపరీక్షలో, స్కాన్‌లో, డాక్టర్ కూర్చుని మాట్లాడితే తెలిసిపోయే సంగతులివి.

ఆపగలిగిన జబ్బును వయసు మీదికో, రాత మీదికో నెట్టడం మనకు కొత్త కాదు. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లా పొదిలి, దర్శి ప్రాంతాల పల్లెల్లో నడుములు బిగుసుకుపోయి, కాళ్ళు పడిపోతున్న మనుషులను చూశారు. బావినీళ్ళలోని ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుని వెన్నుపామును నొక్కేస్తోందని రాశారు. నడివయసుకే వంగిపోవడాన్ని ఆ పల్లెలు రాతగా మోశాయి. తర్వాత అదే ఫ్లోరైడ్‌తో నల్గొండ పడ్డ బాధ మనందరికీ తెలిసిందే. నీళ్ళు మారిస్తే ఆగే జబ్బుకి తలరాత అని పేరు పెట్టి ఎన్ని తరాలు పోగొట్టుకున్నాం!

ఇప్పుడు డిమెన్షియా విషయంలోనూ మార్చగలిగినవి తక్కువేం లేవు. 2024లో లాన్సెట్ కమిషన్ 14 కారణాలను పేర్కొంది. వాటిని చిన్నప్పటి నుంచీ సరిచేసుకుంటూ వస్తే డిమెన్షియాలో 45 శాతం వరకు రాకుండా ఆపడమో, వాయిదా వెయ్యడమో సాధ్యమని అంచనా కట్టింది. బీపీ, షుగర్, పొగ, తాగుడు, గాలి కాలుష్యం సరే. చెవుడు, చూపు, ఒంటరితనం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. హైదరాబాద్ వృద్ధాశ్రమాల్లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి చేసిన 'హోమ్స్' అధ్యయనంలో సుమారు పదిమందికి ముగ్గురు చూపు తగ్గినవాళ్ళే. అందులో ఎక్కువభాగం శుక్లాలు, సరైన కళ్ళజోడు లేకపోవడం. ఆపరేషనో, అద్దాలో చాలు. వినికిడి మిషన్ పెట్టుకోవడానికి సిగ్గుపడి నలుగురిలోంచి లేచి గదిలోకి వెళ్ళిపోయే పెద్దాయన మెదడుకి మాటలు అందడం మానేస్తాయి.

మందుల సంగతి తొందరగా చెప్పుకుందాం, ఎందుకంటే చెప్పుకోవలసింది ఇంకా కొంచెమే. 2023లో అమెరికాలో పూర్తి అనుమతి పొందిన లెకానెమాబ్ అనే మందు, అల్జీమర్స్ తొలిదశలో ఉన్నవాళ్ళలో ఏడాదిన్నర కాలంలో క్షీణతను 27 శాతం నెమ్మదింపజేసింది, కొందరిలో మెదడు వాపు, చిన్నచిన్న రక్తస్రావాలు కనిపించాయి. మన హైదరాబాద్‌కే చెందిన సువెన్ లైఫ్ సైన్సెస్ తయారుచేసిన మాసుపిర్డిన్ 2019లో అల్జీమర్స్ జ్ఞాపకశక్తి మీద రెండో దశ పరీక్షలో అనుకున్న ఫలితం ఇవ్వలేదు. కంపెనీ వదిలెయ్యలేదు. అల్జీమర్స్ రోగుల్లో వచ్చే ఆందోళన, తిరగబడటం తగ్గుతాయేమోనని అదే మందును మూడో దశ పరీక్షలకు తీసుకెళ్ళింది. రాత్రి పన్నెండింటికి తలుపు బాదుతూ 'మా ఇంటికి పోతా' అని ఏడ్చే తండ్రిని పట్టుకుని కూర్చున్నవాళ్ళకు అది ఎంత పెద్ద కోరికో తెలుసు.

ఇంకా ముందుకు చూసే పని కోలార్ జిల్లా శ్రీనివాసపురలో జరుగుతోంది. కర్ణాటకే అయినా వీధిలో తెలుగు వినిపించే మామిడి తోటల ప్రాంతం. బెంగళూరు ఐఐఎస్సీలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ అక్కడి పల్లెల్లో 45 ఏళ్ళు దాటిన 10,000 మందిని ఏళ్ళ తరబడి వెంబడించి చూడాలని పూనుకుంది. రక్తం, జన్యువులు, స్కాన్, జ్ఞాపకశక్తి అన్నీ చూస్తారు. జబ్బు రాకముందే మొదలుపెట్టి, ఎవరికి వస్తుందో, ఎవరికి రాదో, ఎందుకో తేల్చాలని. దానికి దన్నుగా నిలిచింది ఇన్ఫోసిస్ సహవ్యవస్థాపకుడు క్రిస్ గోపాలకృష్ణన్ కుటుంబ ట్రస్టు. హబ్సిగూడలో సీసీఎంబీ, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, ఇదే హైవే మీద ఇంకాస్త ముందుకెళితే బీబీనగర్ ఎయిమ్స్ ఉన్న ఈ తూర్పు హైదరాబాద్‌లోనూ అలాంటిదొకటి మొదలుకావాలని నా కోరిక. ఊళ్ళు వదిలి అపార్ట్‌మెంట్లకు వచ్చిన పెద్దల మెదళ్ళకు ఏమవుతోందో తెలుసుకోవడానికి పోచారం కంటే తగిన చోటు ఏది?

అది మొదలయ్యేలోపు, నాచారం, మల్లాపూర్, ఉప్పల్ బస్తీ దవాఖానాల్లో బీపీ చూసే నర్సమ్మ తెలుగులోనూ దక్కనీలోనూ నాలుగు ప్రశ్నలు అడిగి, అనుమానం ఉన్నవాళ్ళను నరాల డాక్టర్ దగ్గరికి పంపేలా ప్రభుత్వం చెయ్యొచ్చు. ప్రశ్నలు తయారుగానే ఉన్నాయి. ఇళ్ళలో మనం చెయ్యాల్సింది కూడా పెద్దదేం కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు సాయంత్రం ఇంటికొచ్చే కొడుకు ఒక్కడే వెళ్ళకూడదు, పగలంతా పెద్దాయనతో ఉండేవాళ్ళు కూడా వెళ్ళాలి. భార్యయినా, కోడలయినా, పనావిడయినా సరే. మార్పు ఎప్పుడు మొదలైంది, మొదట పోయింది జ్ఞాపకమా, మాటా, నడకా, కోపతాపాలా, నెమ్మదిగా వచ్చిందా, ఒక్కరోజులో వచ్చిందా, ఈమధ్య ఎక్కడైనా పడ్డారా అన్నవి ఒక కాగితం మీద రాసుకోవాలి. వాడుతున్న మాత్రలన్నీ, నిద్రమాత్రలతో సహా, ఒక సంచిలో వేసుకెళ్ళాలి. పెద్దాయనను ఏ భాషలో అడిగితే బాగా చెబుతారో కూడా డాక్టర్‌కి ముందే చెప్పాలి.